ఆన్‌లైన్ తరగతిలో హాజరు పట్టీ చెప్పని సంగతులు

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసి ఇవ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు దేని గురించి రాయాలా అని మేము కొంతసేపు ఆలోచించాము. ఈ గోడల మధ్య ఏళ్ల తరబడి అన్నం తిని, చదువుకుని, ఇంట్లో మొట్టమొదటిసారిగా డిగ్రీ పట్టా పుచ్చుకుని, ఎం.ఏ. అర్థశాస్త్రం దాకా వచ్చిన మాకు బాగా తెలిసిన విషయం ఏదైనా ఉన్నదంటే అది ఆన్‌లైన్ చదువే. ఎందుకంటే మా డిగ్రీ చదువు మొదలైందే సెల్‌ఫోన్‌లో. అందులో మేము నేర్చుకున్నదీ ఉంది, పోగొట్టుకున్నదీ ఉంది. ఆ రెండూ తమ్ముళ్లకు, పాఠాలు చెప్పే ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఉపయోగపడతాయనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఈ విషయం ఇప్పుడెందుకు?

"కరోనా పోయింది, ఆన్‌లైన్ తరగతులూ పోయాయి. ఇంకా ఆ ముచ్చట ఎందుకు?" అని కొందరు అనవచ్చు. కానీ అవి పోలేదు. కేంద్ర ప్రభుత్వం 2017 జూలై 9న 'స్వయం' అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను ప్రారంభించింది. అంతకు ముందే 2003లో ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్‌పీటెల్ పేరుతో పాఠాలను వీడియోలుగా అందించే పని మొదలుపెట్టాయి. 2021లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకునేందుకు విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. అంటే మన తమ్ముళ్లు డిగ్రీలోనో, పీజీలోనో ఏదో ఒక కోర్సు ఆన్‌లైన్‌లో చదవవలసి రావచ్చు. మన పూర్వ విద్యార్థుల్లో లెక్చరర్లుగా, కోచింగ్ సెంటర్లలో ఫ్యాకల్టీగా పనిచేస్తున్నవారికి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే అవసరమూ వస్తూనే ఉంది.

దూరం నుంచి చదువు చెప్పడం తెలుగువారికి కొత్తేమీ కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. అప్పట్లో దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పగలు కూలి పనో, చిన్న ఉద్యోగమో చేసుకునే ఎందరో అందులో డిగ్రీ చదివారు. ఆ విశ్వవిద్యాలయం పుస్తకాలు పంపి ఊరుకోలేదు. ఊరూరా అధ్యయన కేంద్రాలు పెట్టి, విద్యార్థులను పిలిపించి తరగతులు నడిపింది. చేతిలో పుస్తకం ఉన్నంత మాత్రాన చదువు రాదనీ, అడిగే మనిషి, చెప్పే మనిషి కూడా కావాలనీ వారు ముందే గ్రహించారన్నమాట. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది కూడా దాదాపు ఇదే.

మా అనుభవం

2020 మార్చిలో ఇంటర్ పరీక్షలు రాసి ట్రంకు పెట్టెలు పట్టుకుని ఇళ్లకు వెళ్లిన మేము, మళ్లీ ఎప్పుడు వస్తామో తెలియకుండా అక్కడే ఉండిపోయాము. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆ ఏడాది చివర్లో డిగ్రీ మొదటి సంవత్సరం తరగతులు ఫోన్‌లోనే మొదలయ్యాయి. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న కళాశాలలు తెరిచారు గానీ, రెండో విడత కరోనా వల్ల మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. సెప్టెంబర్ 1న తెరిచేదాకా మా చదువు ఇంటి అరుగుల మీద, చేను గట్ల మీద సాగింది. ఎక్కడ సిగ్నల్ దొరికితే అదే మా తరగతి గది.

మాలో చాలామంది ఇళ్లలో ఒక్కటే స్మార్ట్‌ఫోన్. నాన్న పనికి పట్టుకుపోతే ఆ రోజుకు తరగతి లేనట్టే. ఫోన్ ఉన్నా డేటా చాలేది కాదు. ఇది బద్ధకంతో చెప్పే సాకు కాదని తెలియడానికి చిన్న లెక్క చెబుతాము. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వీడియో వస్తే గంటకు 450 ఎంబీ ఖర్చవుతుంది. రోజుకు నాలుగు తరగతులైతే 1800 ఎంబీ. మాలో చాలామంది వేయించుకున్నది రోజుకు 1.5 జీబీ ప్యాకు. కాబట్టి నాలుగో తరగతి సగంలో ఫోన్ తిరుగుతూ ఉండిపోవడం లెక్క ప్రకారం జరగవలసిందే. అదే పాఠాన్ని సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున మాట మాత్రమే వినిపిస్తే గంటకు 29 ఎంబీ సరిపోతుంది. నాలుగు గంటలకూ కలిపి 120 ఎంబీ కూడా కాదు. ఈ లెక్క ఆనాడు మాకూ తెలియదు, మాకు పాఠం చెప్పినవారూ ఆలోచించలేదు.

ఇక అసలు సంగతి. ఇంటర్‌లో మా గదిలో ఉన్న మిత్రుడొకడు లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. మాతోపాటే డిగ్రీలో చేరాడు. ఆన్‌లైన్ తరగతుల్లో అతని పేరు ప్రతిరోజూ కనిపించేది. హాజరు పట్టీలో నూటికి తొంభై ఉండేది. 2021 సెప్టెంబర్‌లో కళాశాల తెరిచాక అందరం వచ్చాము, అతను రాలేదు. ఆరా తీస్తే తెలిసింది. తరగతి మొదలవగానే ఫోన్‌లో చేరి, దాన్ని అన్నం సంచిలో పెట్టుకుని నాన్నతోపాటు సెంట్రింగ్ పనికి వెళ్లేవాడట. అధ్యాపకులు తెలుసుకోలేదు. వారి సంగతి అలా ఉంచితే, ఒక గదిలో ఒక బకెట్టుతో స్నానం చేసి, ఒక కంచంలో తిన్న మేము కూడా ఒక్కసారైనా ఫోన్ చేసి అడగలేదు. తెర మీద పేరు కనిపిస్తోంది కదా, ఉన్నాడులే అనుకున్నాము.

పాఠం మనిషికి ఎలా అందుతుంది?

పీజీలో చేరాక ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాము. దూరవిద్య మీద పరిశోధన చేసిన మైఖేల్ మూర్ 1989లో ఒక చిన్న వ్యాసంలో నేర్చుకోవడానికి మూడు రకాల సంబంధాలు కావాలన్నారు. ఒకటి విద్యార్థికీ పాఠానికీ మధ్య, రెండోది విద్యార్థికీ అధ్యాపకుడికీ మధ్య, మూడోది విద్యార్థికీ తోటి విద్యార్థికీ మధ్య. మామూలు తరగతి గదిలో ఈ మూడూ మనం అనుకోకుండానే జరిగిపోతాయి. అర్థం కాని ముఖం చూసి సారు మళ్లీ చెబుతారు. పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తాము. రాత్రి స్టడీ అవర్‌లో "అరే, ఇది చెప్పురా" అని అడుగుతాము. ఆన్‌లైన్‌లో మొదటిది ఒక్కటే మిగులుతుంది. మిగిలిన రెండింటినీ ఎవరో ఒకరు పనిగట్టుకుని ఏర్పాటు చేస్తే తప్ప అవి ఉండవు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సమస్య కూడా కాదు. 2012లో అమెరికాలో కోర్సెరా, ఎడ్‌ఎక్స్ వంటి సంస్థలు పుట్టి ప్రపంచమంతటికీ కోర్సులు అందించాయి. అయితే హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు నడిపిన ఇలాంటి కోర్సుల్లో 2017-18లో చేరినవారిలో చివరిదాకా పూర్తి చేసినవారు నూటికి ముగ్గురు మాత్రమేనని 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశీలన చెప్పింది. ఊరికే చూసి పోదామని చేరినవారు అందులో చాలామంది ఉండవచ్చు. అయినా పేరున్న ఆచార్యులు, మంచి వీడియోలు ఉన్నంత మాత్రాన విద్యార్థి నిలబడడని దీన్నిబట్టి అర్థమవుతోంది.

పాఠం చెప్పే అన్నలు చేయదగినవి

1. పాఠాన్ని చిన్న ముక్కలు చేయాలి. ఎడ్‌ఎక్స్ కోర్సుల వీడియోలను విద్యార్థులు 69 లక్షల సార్లు చూసిన వివరాలను పరిశోధకులు పరిశీలించి 2014లో ఫలితం ప్రకటించారు. ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువగా చివరిదాకా చూశారు. తయారుచేసి పెట్టుకున్న స్లయిడ్లను చదివే వీడియోలకన్నా చేత్తో రాస్తూ చెప్పినవి ఎక్కువసేపు ఆకట్టుకున్నాయి. దీనికి ఖరీదైన సామాను అక్కరలేదు. తెల్లకాగితం మీదికి ఫోన్ కెమెరా తిప్పి పెట్టి, పెన్నుతో రాస్తూ చెప్పినా చాలు.

2. మధ్య మధ్య ప్రశ్న అడగాలి. 2013లో హార్వర్డ్ పరిశోధకులు 21 నిమిషాల గణాంకశాస్త్ర వీడియో పాఠాన్ని నాలుగు భాగాలు చేశారు. ప్రతి భాగం తర్వాత చిన్న పరీక్ష పెట్టిన విద్యార్థుల మనసు పక్కకు పోవడం తగ్గింది, వారు నోట్సు ఎక్కువ రాసుకున్నారు, చివరి పరీక్షలోనూ బాగా చేశారు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ "అయింది సార్" అంటారు. అది ప్రశ్న కిందికి రాదు. జవాబు రాయవలసిన ప్రశ్న అడగాలి.

3. జవాబు మీద పిల్లల మధ్య చర్చ పెట్టాలి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఒక పద్ధతి తెచ్చారు. ముందు ప్రశ్న ఇచ్చి ఎవరి జవాబు వారిని చెప్పమంటారు. తర్వాత పక్కవారితో వాదించుకోమంటారు. ఆపైన మళ్లీ జవాబు అడుగుతారు. ఆన్‌లైన్‌లో నలుగురైదుగురిని ఒక వాట్సాప్ గ్రూపుగా చేసి ఇదే పని చేయించవచ్చు. సారు ముందు నోరు విప్పడానికి జంకే మన పిల్లలు తోటివాడి ముందు ధారాళంగా మాట్లాడతారు.

4. కెమెరా పెట్టి తీరాలని పట్టుబట్టరాదు. గంటల తరబడి అందరి ముఖాలూ మనవైపే చూస్తున్నట్టుండటం, మన ముఖం మనకే కనిపిస్తుండటం, కదలకుండా కూర్చోవలసి రావడం అలసటకు కారణాలని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. మన పిల్లలకు ఇంకో కారణం కూడా ఉంది. ఒకే గది ఉన్న ఇల్లు, వెనక పొయ్యి, దండెం మీది బట్టలు అందరికీ చూపించడానికి మనసొప్పదు. పైన చెప్పిన డేటా లెక్క ఉండనే ఉంది. ముఖం బదులు జవాబు అడగండి. విద్యార్థి ఉన్నాడో లేడో ముఖం కన్నా జవాబే బాగా చెబుతుంది.

5. పేరు పెట్టి పిలవాలి, తప్పిపోయినవారిని వెతకాలి. యాభై మంది ఉన్న తరగతిలో రోజుకు పదిమందిని పేరుతో పలకరిస్తే వారం తిరిగేసరికి అందరూ ఒకసారి మాట్లాడినట్టే. రెండుసార్లు పిలిచినా పలకనివారి పేరు రాసిపెట్టుకుని సాయంత్రం ఫోన్ చేయాలి. తిట్టడానికి కాదు, ఏమైందో కనుక్కోవడానికి.

ఒక పాఠం నమూనా

మా సబ్జెక్టులోదే ఒక ఉదాహరణ. డిమాండ్ వ్యాకోచత్వం అనే పాఠం మాకు ఆన్‌లైన్‌లో యాభై నిమిషాలు ఏకధాటిగా నిర్వచనాలు చదివి చెప్పారు. ఒక్క ముక్క ఎక్కలేదు. అదే పాఠాన్ని ఇప్పుడు మేము తమ్ముళ్లకు ఫోన్‌లో చెప్పేటప్పుడు ఇలా చెబుతున్నాము.

మొదట ఒక ప్రశ్న పెడతాము. "టమాటా కిలో 20 రూపాయల నుంచి 40 రూపాయలకు పెరిగింది. మన మెస్సుకు రోజూ 10 కిలోలు తెచ్చేవారు. ఇప్పుడు ఎన్ని తెస్తారు?" అందరూ ఒక అంకె రాయాలి. ఒకడు 5 అంటాడు, ఒకడు 9 అంటాడు. ఎందుకో చెప్పమంటే చెబుతారు. "పప్పులోకి, చారులోకి కావాలి కదన్నా, పూర్తిగా ఎట్ల బంద్ చేస్తరు?" అంటాడు ఒకడు. అప్పుడు 8 కిలోలు తెచ్చారనుకుందామని ఐదు నిమిషాలు లెక్క చెబుతాము. ధర పెరిగింది 100 శాతం, కొనుగోలు తగ్గింది 20 శాతం. 20ని 100తో భాగిస్తే 0.2. ఒకటి కన్నా తక్కువ కాబట్టి అది అవ్యాకోచ డిమాండ్. ఆ తర్వాత రెండో ప్రశ్న. "సినిమా టికెట్ ధర కూడా రెట్టింపైతే ఇలాగే ఉంటుందా?" దీన్ని ఐదుగురి జట్లకు వదిలేస్తాము. పది నిమిషాల తర్వాత ఒక్కో జట్టు నుంచి ఒకరు చెప్పాలి. చివర్లో పుస్తకం మూసి నిర్వచనాన్ని సొంత మాటల్లో రాసి ఫోటో తీసి పంపమంటాము. మొత్తం నలభై నిమిషాలు. అందులో మా మాట పదిహేను నిమిషాలకు మించదు. అయినా మరుసటి వారం అడిగితే చెప్పగలుగుతున్నారు.

తమ్ముళ్లు చేయదగినవి

చెప్పేవారు ఎంత బాగా చెప్పినా నేర్చుకోవలసింది మనమే. ఆన్‌లైన్ కోర్సులో చేరేవారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

వీడియోను రెండోసారి చూడటం కన్నా దాన్ని ఆపి, చూసింది గుర్తుతెచ్చుకుని రాయడం మేలు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో దీన్ని పరీక్షించి చూశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. కానీ వారం తర్వాత అడిగితే, ఒకసారి చదివి గుర్తుతెచ్చుకుని రాసినవారు ముందుకు వచ్చారు. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత ఉండవు కదా!

ఎన్‌పీటెల్ కోర్సుల్లో మార్కుల లెక్క కూడా తెలుసుకోవాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో మంచి మార్కులు వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లను లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి ఒకటి రెండు వారాలు జ్వరమొచ్చో, సిగ్నల్ లేకో తప్పిపోతే కోర్సు పోయిందని వదిలేయనక్కర లేదు. వీడియోలు చూడటం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఫీజులో రాయితీ ఉంటుంది. ఫారం నింపేటప్పుడు కులధ్రువీకరణ పత్రం స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి. ఏ కోర్సుకు క్రెడిట్లు కలుపుతారో చేరక ముందే కళాశాలలో అడిగి తెలుసుకోండి. చేరాక అడిగితే శ్రమ వృథా కావచ్చు.

ఇంగ్లీషు పాఠం అర్థం కావడం లేదని సిగ్గుపడి మానేయకండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకూ మొదటి నెల అంతే. వీడియో వేగం తగ్గించుకుని, కింద వచ్చే అక్షరాలు చదువుతూ, తెలియని మాటలు ఒక నోటుబుక్కులో రాసుకున్నాము. రెండో నెలకు అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని తెలిసింది.

మన వసతి గృహం చేయగలిగింది

మూర్ చెప్పిన మూడో సంబంధం, అంటే తోటివారితో ఉండేది, ఇంట్లో ఒంటరిగా చదివే విద్యార్థికి డబ్బు పెట్టినా దొరకదు. మనకు అది ఉచితంగానే ఉంది. ఒకే కోర్సులో చేరిన ఐదుగురు ఒక ఫోన్ ముందు కూర్చుంటే ఐదుగురి డేటా బదులు ఒకరి డేటా సరిపోతుంది. వీడియో ఆపుకుని వాదించుకోవచ్చు. అందుకే వార్డెన్ సారుకు, తమ్ముళ్లకు, పూర్వ విద్యార్థులకు మా బ్యాచ్ తరఫున మూడు విన్నపాలు.

మొదటిది, ఆన్‌లైన్ కోర్సులు చదివేవారు ఐదుగురి జట్లుగా ఏర్పడి ఆదివారం ఉదయం ఒక గంట డైనింగ్ హాలులో కలిసి కూర్చోవాలి. రెండోది, ఒక్కో జట్టుకు ఒక పూర్వ విద్యార్థి అన్న పెద్దగా ఉండి పదిహేను రోజులకొకసారి ఫోన్‌లో పలకరించాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సెలవుల్లో ఇళ్లకు వెళ్లినప్పుడు, లేదా ఏ కారణం చేతనైనా వసతి గృహం మూసినప్పుడు, జట్టులో ఒకడు వారం రోజులు పలకకపోతే మిగిలిన నలుగురిలో ఒకరు వాడి ఇంటికి ఫోన్ చేయాలి. పలకకపోతే ఊరికి వెళ్లాలి. బస్సు ఛార్జీ మా బ్యాచ్ భరిస్తుంది.

ఈ వ్యాసం రాయడానికి ముందు ఆ మిత్రుడికి ఫోన్ చేశాము. ఇప్పుడు సెంట్రింగ్ మేస్త్రీగా పనిచేస్తున్నాడు. అప్పటి తరగతుల గురించి అడిగితే కాసేపు ఆగి అన్నాడు. "సంచిలకెళ్లి సారు మాటలు వినబడుతనే ఉండెరా. మొదట్ల కొన్ని రోజులు నోట్సు కూడ పక్కన పెట్టుకున్న, నన్నేమన్న అడుగుతరేమో అని. ఎవలూ అడగలే." అతను మమ్మల్ని నిందిస్తూ అనలేదు. మామూలుగానే అన్నాడు. మాకే చాలాసేపు మాట రాలేదు.

అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి దరఖాస్తు చేద్దామని చెప్పాము. "ఇప్పుడు ఏం చదువుతరా" అన్నాడు గానీ, వద్దని మాత్రం అనలేదు. ఈసారి నోటిఫికేషన్ పడగానే ఫారం నింపడానికి మేమే వాళ్ల ఊరికి వెళ్తున్నాము. చేరితే మొదటి జట్టులో ఐదోవాడు అతనే అవుతాడు. మిగిలిన నలుగురి పేర్లు ఇవ్వదలచిన తమ్ముళ్లు వార్షికోత్సవం రోజున మమ్మల్ని కలవండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.